గుంటూరు రోగికి మార్కెట్ ఎంత దూరం?



అధ్యక్షుడు ఆర్థికశాస్త్రాన్నంతా సింహావలోకనం చేయడం మన సభల ఆనవాయితీ. వైద్య సేవల మార్కెట్ మీద కెన్నెత్ ఆరో రాసిన 1963 వ్యాసం దగ్గర్నుంచి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. అందుకే నాకిచ్చిన సమయాన్ని, ఉద్యోగ విరమణ తర్వాత కూడా నన్ను వదలని ఒక్క ప్రశ్నకే కేటాయిస్తున్నాను. ఆస్పత్రుల మార్కెట్‌కు పొలిమేర ఎక్కడ? అది తేల్చకుండా విలీనాల మీద, బీమా ప్రీమియంల మీద మనం రాసేదంతా పునాది లేని గోడే.

మన ప్రాంతాన్నే చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ గుంటూరులో మిషన్ ఆస్పత్రి తెరిచారు. 1946లో వైద్య కళాశాల వచ్చింది. తర్వాత కొత్తపేట నిండా నర్సింగ్ హోములు లేచాయి. ఇప్పుడు బోర్డుల మీద పేర్లు మారుతున్నాయి. విజయవాడ, గుంటూరు, ఒంగోలులో ఉన్న రమేష్ హాస్పిటల్స్‌లో ఆస్టర్ సంస్థ 2016లో మెజారిటీ వాటా తీసుకుంది. అదే ఆస్టర్, కేర్ ఆస్పత్రుల యాజమాన్యమైన క్వాలిటీ కేర్‌తో విలీనాన్ని 2024 నవంబరులో ప్రకటించింది. బ్లాక్‌స్టోన్, టీపీజీ పెట్టుబడులున్న ఆ ఒప్పందానికి కాంపిటీషన్ కమిషన్ 2025లో ఆమోదం తెలిపింది. రెండూ కలిస్తే 38 ఆస్పత్రులు, పది వేలకు పైగా పడకలు. నెల్లూరులో మొదలైన కిమ్స్ 2021లో సన్‌షైన్ ఆస్పత్రుల్లో మెజారిటీ వాటా కొన్నది. ఒంగోలులోనూ, గుంటూరులోనూ కిమ్స్ బోర్డు కనిపిస్తుంది. తాడేపల్లిలో ఆస్పత్రి ఉన్న మణిపాల్ 2023 నుంచి పెట్టుబడి సంస్థ టెమాసెక్ చేతిలో ఉంది.

పెద్ద సంస్థల వల్ల ఒరిగిందేమీ లేదని నేననను. గుండె ఆపరేషన్ కోసం వేలూరు రైలెక్కిన కుటుంబాలను నా తరం చూసింది. ఈరోజు స్టెంట్ ఒంగోలులోనే వేస్తున్నారు. సౌకర్యం వచ్చిన మాట నిజం. దాని ధర ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే నా ప్రశ్న.

ఇక్కడే కొందరు మిత్రులతో నా పాత తగాదా. గుంటూరు రోగులు హైదరాబాదుకూ చెన్నైకీ వెళ్తున్నారు కాబట్టి మార్కెట్ దక్షిణాదంత విశాలమని, ఇక్కడ రెండు ఆస్పత్రులు కలిస్తే నష్టం లేదని ఏటా ఒక పత్రమైనా ఈ సభలకు వస్తోంది. దాని వెనుక ఉన్నది, రోగుల రాకపోకలను బట్టి మార్కెట్ హద్దు గీసే ఎల్జింగా–హోగార్టీ పరీక్ష. అమెరికాలో ఎవాన్‌స్టన్ ఆస్పత్రి 2000లో దగ్గర్లోని హైలాండ్ పార్క్ ఆస్పత్రిని కలుపుకుంది. ఆ కేసు విచారణలో కెన్నెత్ ఎల్జింగాయే, తన పరీక్ష ఆస్పత్రులకు పనికిరాదని సాక్ష్యమిచ్చారు. ఆ విలీనం పోటీని దెబ్బతీసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2007లో తీర్పు చెప్పింది. కన్నవారే కాదన్న పరీక్షను మనం ఇంకా ఎందుకు మోస్తున్నాం? హైదరాబాదు వెళ్లగలిగిన రోగిని లెక్కపెట్టి, వినుకొండ నుంచి గుంటూరు దాకా రావడమే గగనమైన రోగిని మరిచిపోతే అది శాస్త్రం కాదు.

దూరం ఎంత ముఖ్యమో కూపర్, క్రెగ్, గేనర్, వాన్ రీనెన్ అనే ఆర్థికవేత్తలు 2019లో లెక్కలతో చూపించారు. అమెరికాలో ఐదు మైళ్లలోపు ఆస్పత్రులు విలీనమైతే ధరలు 6 శాతానికి పైగా పెరిగాయి. దూరం పెరిగేకొద్దీ ఆ ప్రభావం తగ్గిపోయింది. నలుగురు లేదా అంతకు మించి పోటీదారులున్న చోటికంటే ఒక్కటే ఆస్పత్రి ఉన్న చోట ధర 12 శాతం ఎక్కువ. మన చట్టం మాత్రం దూరం కాకుండా సొమ్ము చూస్తుంది. కొనబోయే సంస్థ ఆస్తులు 450 కోట్లు గానీ, టర్నోవరు 1,250 కోట్లు గానీ మించకపోతే మామూలుగా కాంపిటీషన్ కమిషన్‌కు చెప్పనక్కర్లేదు. జిల్లా కేంద్రంలోని ఆస్పత్రి చేతులు మారితే అందుకే ఢిల్లీకి కబురు కూడా అందదు.

ధర పెరిగే దారి మీకు తెలిసిందే. ఆస్పత్రి కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న: "ఇన్సూరెన్సా, ఆరోగ్యశ్రీయా, క్యాషా?" జవాబును బట్టి అదే మంచానికి, అదే ఆపరేషన్‌కు మూడు ధరలు. బంధువు ఒకరికి పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు బిల్లు చేతికి తీసుకుని వరస వరసా చదివాను. గది అద్దె పాలసీ పరిమితి దాటింది. ఆ దామాషాలోనే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా కోసేశారు. తేడా మేం కట్టాం. మరుసటి ఏడాది ప్రీమియం కూడా పెరిగింది. ఊళ్లో పెద్ద ఆస్పత్రులన్నీ ఒకరిద్దరి చేతుల్లో ఉంటే, వాటిని వదిలేసి బీమా కంపెనీ ఇక్కడ పాలసీ అమ్మలేదు. అడిగిన టారిఫ్‌కు ఒప్పుకుంటుంది. 2025 ఆగస్టులో ఆస్పత్రుల సంఘం ఉత్తర భారతంలో బజాజ్ అలయంజ్ పాలసీలకు క్యాష్‌లెస్ ఆపమని సభ్యులకు పిలుపునిచ్చింది. తగాదా టారిఫ్ మీదే. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఆ మేలును టారిఫ్ పెంపు మింగేస్తే పాలసీదారుకు మిగిలేది శూన్యం.

కొత్తపేటలో ఇన్ని బోర్డులుండగా పోటీ లేదంటారేమిటని అడిగేవారున్నారు. పోటీ ఉంది, అది ధర మీద కాదు. పల్లెలో ఆర్‌ఎంపీకి ఎవరు ఎక్కువ కమీషన్ ఇస్తే కేసు అక్కడికి చేరుతుంది. ఆ కమీషన్ మళ్లీ బిల్లులోకే ఎక్కుతుంది. మన మిర్చి యార్డులో ఏ రకం ఏ ధర పలికిందో సాయంత్రానికి రైతుకు తెలుస్తుంది. మోకాలి మార్పిడి ఏ ఆస్పత్రిలో ఎంతో ఈ ఊళ్లో ఎవరికీ ముందుగా తెలియదు.

ఇక ఆరోగ్యశ్రీ. 2007లో బీమా కంపెనీతో మొదలై, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. 2025లో ప్రభుత్వం కుటుంబానికి రెండున్నర లక్షల వరకు మళ్లీ బీమా పద్ధతికి మొగ్గింది. ప్యాకేజీ ధర సర్కారే నిర్ణయిస్తుంది కాబట్టి ఇక్కడ విలీనాల బలం మరో రూపంలో బయటపడుతుంది. బకాయిలు పేరుకుపోతే సేవలు ఆగిపోతాయి. 2025 అక్టోబరులో అదే చూశాం. బలమైన గొలుసు సంస్థ ఆగితే జిల్లా మొత్తం ఆగుతుంది. బీమా కంపెనీలు ఆ ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకునే టెండరు వేస్తాయి. ఈ కోణాన్ని వదిలేసి ఆరోగ్యశ్రీని పొగడటమో తిట్టడమో చేసే పత్రాలు పార్టీ కరపత్రాలకు దగ్గర, పరిశోధనకు దూరం.

నా విన్నపం చిన్నది. 2007 నుంచి పోగుపడిన ఆరోగ్యశ్రీ క్లెయిముల సమాచారాన్ని పేర్లు తీసేసి ట్రస్టు విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలి. కాంపిటీషన్ కమిషన్ విలీనాలను రోగి ప్రయాణించగలిగే దూరం కొలతతో చూడాలి. ప్రతి ఆస్పత్రీ మూడు రకాల ధరలను గోడ మీద రాయాలి. ఇవన్నీ జరిగేదాకా మనం చేతులు కట్టుకోనక్కర్లేదు. నర్సింగ్ హోము బిల్లులు సేకరించి, ఏ ఏడు ఎంతో, యాజమాన్యం ఎప్పుడు మారిందో రాసిపెట్టే పనికి మన శాఖల్లో గౌరవం లేదు. జాతీయ సర్వే గణాంకాల మీద రిగ్రెషన్ చేస్తేనే పట్టా అన్న ధోరణి దానికి కారణం. ఇక్కడున్న పరిశోధక విద్యార్థులారా, మాచర్ల, చిలకలూరిపేట, మార్కాపురం మీ దగ్గరే ఉన్నాయి. ఆ బిల్లులు సేకరించండి. వచ్చే సభకు ఆ పట్టికతో రండి.