హగరి ఇసుకలో 12 ఎకరాలు

 వేదిక మీది పెద్దలకు పేరుపేరునా నమస్కారం చెప్పడం మర్యాదే. కానీ నాకిచ్చిన కాగితంలో 14 పేర్లున్నాయి. అవి చదివేలోపు ఈ నల్లగౌన్లలో పిల్లలు ఉడికిపోతారు. బళ్ళారిలో రెండే కాలాలు, ఎండాకాలం, మరీ ఎండాకాలం అని మా చిన్నప్పటి జోకు. గౌన్లు ఎంపిక చేసినవారు ఈ ఊరివారు కాదనుకుంటాను.

నన్ను తెలుగులో మాట్లాడమన్నారు. సరిహద్దు మనిషిని. మా ఇంట్లో అన్నం తెలుగులో వడ్డించేవారు, తిట్లు కన్నడంలో పడేవి. కాబట్టి మధ్యలో నా నోట కన్నడం వస్తే, కోపం వచ్చిందని అర్థం చేసుకోండి.

మా నాన్న దర్జీ. నాటక సమాజాలకు తెరలు కుట్టేవాడు. పదిహేనేళ్ల వయసులో ఆ తెరల మూట నెత్తిన పెట్టుకుని నేను రంగస్థలం ఎక్కాను, వెనకవైపు మెట్ల మీదుగా. ఆ తర్వాత నలభై ఏళ్లు దీపాలు పెట్టాను, తెరలు లాగాను, కొన్ని నాటకాలు ఆడించాను. వేషం ఒక్కసారే కట్టాను. ద్వారపాలకుడు. మాట్లాడే పని లేదు. రాజుగారు విలపించేచోట తుమ్మాను. ఇలాంటివాణ్ణి స్నాతకోత్సవానికి పిలిచిన ధైర్యానికి విశ్వవిద్యాలయాన్ని మెచ్చుకోవాలి.

ఇక అసలు సంగతి. రెండు నెలల కిందట మీలో ఆరుగురు మా ఇంటికొచ్చారు. హగరి ఒడ్డున, ఆంధ్రా వైపు, ఒక రైతు కుటుంబం 12 ఎకరాలు మీ కళాకారుల బృందానికి ఇస్తామన్నదట. పంట పండని ఇసుక నేల. దాన్ని ఏం చేయాలో చెప్పమని అడిగారు. అడిగారే గానీ, చంకలో పటం చుట్టుకుని వచ్చారు. టీపాయి మీద పరిచారు. ఓపెన్ ఎయిర్ థియేటర్, 20 కాటేజీలు, కెఫే, మ్యూజియం, ఒక మూల సన్‌సెట్ పాయింట్. గేటు మీద ఇనుప నెమలి. చుట్టూ ఎర్ర సిరాతో కాంపౌండు గోడ. నేను రెండుసార్లు వెతికాను. నీళ్ల ట్యాంకు ఎక్కడా లేదు. మరుగుదొడ్డి లేదు. సూర్యుడు మాత్రం ఎక్కడ అస్తమించాలో నిర్ణయించేశారు!

ఆ రోజు మజ్జిగ ఇచ్చి పంపించేశాను. పొలానికీ పట్టాయే, చదువుకూ పట్టాయే. ఇవాళ మీకు రెండో పట్టా వచ్చింది, నా చేతికి మైకు వచ్చింది. మొదటి పట్టా గురించి నాలుగు మాటలు చెప్పి దిగుతాను.

ఆ నేల నాకు తెలుసు. హగరిని పైన వేదవతి అంటారు. చిత్రదుర్గం వైపు నుంచి వచ్చి, అనంతపురం జిల్లాను తాకి, మన జిల్లాలోకి దిగి తుంగభద్రలో కలుస్తుంది. పైన 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టారు. ఆ తర్వాత భైరవానితిప్ప ఆనకట్ట వచ్చింది. నదికి నీళ్లు తగ్గాయి, ఇసుక మిగిలింది. ఆషాఢంలో పడమటి గాలి లేస్తే ఆ ఇసుకంతా కదులుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో పొలాల మీద ఇసుక మేటలు వేసి దిబ్బలయ్యాయి. సినిమావాళ్లు చూస్తే రాజస్థాన్ అనుకుంటారు. ఈ నేల మీదే రాష్ట్రాల గీత కూడా పడింది. 1953 అక్టోబర్ 1న బళ్ళారిని మైసూరులో కలిపారు, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. రెవెన్యూవాళ్లు సర్వే రాళ్లు పాతారు. హగరి ఇసుక మాత్రం ఇప్పటికీ పొద్దున కర్ణాటకలో లేచి, మధ్యాహ్నానికి ఆంధ్రాలో పడుకుంటుంది. మీ సొసైటీ రిజిస్ట్రేషను ఒక రాష్ట్రంలో, భూమి ఇంకో రాష్ట్రంలో అవుతుంది. ఈ తలనొప్పి ఒక్కటే చాలు, మిమ్మల్ని ముసలివాళ్లను చేయడానికి. దాని సంగతి లాయర్లు చూసుకుంటారు. నా బాధ వేరే ఉంది.

నా బాధ గోడ.

నవ్వకండి. ముప్ఫై ఏళ్ల కిందట మా నాటక బృందానికి కూడా ఆ ఇసుకలోనే 3 ఎకరాలు దొరికాయి. నాకప్పుడు మీ పొగరు ఉండేది, మీ జుట్టు కూడా ఉండేది. ఒక కార్యాలయం నుంచి కొంత గ్రాంటు వచ్చింది. షరతు ఏమిటంటే, ముందు ప్రహరీ కట్టి ఫోటో పంపాలి, తర్వాతే భవనానికి డబ్బు. సరే అన్నాం. పునాది తవ్వుతుంటే ఒక గొర్రెల కాపరి వచ్చాడు. భుజాన కంబళి, నోట్లో వేపపుల్ల. కాసేపు చూసి, "గాలికి అడ్డం కట్టాకు సామీ, అది ఊరుకోదు" అన్నాడు. నాకు ఇంజనీరు మాట ఉంది, కాపరి మాటెందుకు? పడమటి వైపు ఆరడుగుల గోడ లేచింది. గేటు పక్కన శిలాఫలకం. దాని మీద ఎనిమిది మంది పేర్లు, అన్నింటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, నాటకం అన్న మాట.

డబ్బు గోడతో అయిపోయింది. ఆషాఢం వచ్చింది. గోడకు తగిలిన గాలి బలం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకనంతా అక్కడే దింపేసింది. ఇది మాకు తర్వాత తెలిసిన భౌతికశాస్త్రం, కాపరికి ముందే తెలిసిన సంగతి. మొదటి ఏడు మోకాళ్ల దాకా. రెండో ఏడు నడుం దాకా. నాలుగో ఏడు గొర్రెలు ఇసుక మీదుగా ఎక్కి, గోడ దాటి లోపలికి తీరిగ్గా నడిచొచ్చాయి. శిలాఫలకంలో కింది నుంచి ఒక్కో పేరే మునిగిపోయింది. మొదట మునిగింది నాటకం. చివరి దాకా పైన కనిపించింది ప్రారంభోత్సవం చేసినాయన పేరొక్కటే.

అదే ముళ్లకంప వరుసలుగా నాటి ఉంటే, గాలి సందుల్లోంచి పోయేది, ఇసుక మొదళ్ల దగ్గర ఆగేది. ఆ ఊళ్లలో పొలాలు కాపాడుకునేవాళ్లు చేసేది అదే. కంప కోసం దూరం పోనక్కర్లేదు. మీరు సర్కారు తుమ్మ అనే చెట్టును కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. ఇంత చరిత్ర ఉన్న ఊరు, చివరికి దాని పేరు నిలబెట్టింది ఒక ముళ్లచెట్టు!

ఆ 3 ఎకరాల్లో పనికొచ్చింది ఒక్కటే. మేస్త్రీల కోసం కట్టిన నీళ్ల తొట్టి. హగరిలో చెలమ తీస్తే నీళ్లు ఊరతాయి. అక్కడి నుంచి పైపు వేసి తొట్టి నింపేవాళ్లం. గోడ పని ఆగిపోయాక కూడా గొర్రెల కాపరులు ఆ పైపును బాగుచేసుకుని వాడుకున్నారు. ఒకసారి నేను అటు పోతే, తొట్టి చుట్టూ రెండు మందలు, నాలుగు గుడారాలు, పొయ్యి మీద ముద్ద. ఆ గుడారాలు ఊరూరా తిరిగి కథలు చెప్పే బుడగ జంగాలవి. రాత్రి తంబుర శృతి చేశారు, కథ మొదలైంది. నా దగ్గర పెట్రోమాక్స్ ఉంటే వెలిగించి ఒక దిబ్బ మీద పెట్టాను. నలభై ఏళ్ల నా దీపాల పనిలో అంత మంచి రాత్రి ఇంకోటి లేదు. వెనక తెర లేదు. ఇసుక దిబ్బ మీద కథకురాలి నీడ పదిమంది మనుషులంత పొడవు పడింది. గోడ అవతలి వైపు ఎవరూ కూర్చోలేదు.

బుడగ జంగాలంటే మీలో కొందరికి అడుక్కునేవాళ్లే గుర్తొస్తారని నాకు తెలుసు. సండూరు తాలూకా దరోజి నుంచి వచ్చిన బుర్రకథ ఈరమ్మ ఆ కులం ఆడబిడ్డే. ఇంట్లో తెలుగు, కథ కన్నడం. బడి మొహం చూడలేదు. 12 జానపద మహాకావ్యాలు ఆమెకు కంఠతా వచ్చు. రాస్తే 7,000 పుటలయ్యాయి. 2003లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ పురస్కారం ఇచ్చింది. 2014లో పోయింది. మీరు మూడేళ్లు చదివి, పరీక్ష ముందు రాత్రి జిరాక్సు నోట్సు కోసం ఊరంతా తిరిగారు. నేనూ అంతే అనుకోండి. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆమె కథకు కావలసిన స్థలం ఎంత? మనుషులు కూర్చునే చోటు, పొద్దున్నే తాగడానికి నీళ్లు, ఊరివాళ్లు వెళ్లగొట్టరన్న భరోసా. ఈ మూడో దాని గురించి మీ పటంలో ఏమైనా ఉందా? కెఫే మెనూ మాత్రం ఉంది.

మీరు నన్ను అడిగిన ప్రశ్నలోనే చిక్కుంది. "ఆ ఖాళీ భూమిని ఎలా వాడుకోవాలి సార్?" అన్నారు. ఖాళీ అని ఎవరు చెప్పారు? మందలు దారిపట్టే కాలంలో అది గొర్రెలది. కళ్లాల కాలం అయిపోయాక గుడారాలది. ఆషాఢంలో గాలిది. మీరు వెళ్లింది మార్చిలో, మధ్యాహ్నం, కార్లో, ఏసీ వేసుకుని. కనిపించకపోవడం సహజం.

స్థలం సంగతి కాసేపు పక్కనపెట్టి, మనుషుల సంగతి చూద్దాం. బళ్ళారి నాటకం ఎలా పుట్టిందో మీ సిలబస్‌లోనే ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టారు. ఇద్దరూ ప్లీడర్లే. ఒకే కోర్టు, ఒకే ఊరు, రెండు సమాజాలు. ఆ పోటీలోంచి వచ్చినవాడు ఆచార్యులవారి మేనల్లుడు రాఘవ, ఆయనా ప్లీడరే. కోర్టులో సంపాదించి నాటకానికి పెట్టాడు, ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు, 1946లో కన్నుమూశాడు. ఆయన పేరిట రాఘవ కళామందిరం ఆ తర్వాత సంగతి. ఆ తరానికి సభ అంటే మనుషులు. మనకు సభ అంటే షామియానా, కుర్చీలు, పూలదండలు.

భూమి కొని కళ చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1966లో మద్రాసు శివార్లలో, సముద్రపు ఇసుకలో, కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి చోళమండలం కట్టారు. మన తెలుగువాడు రెడ్డెప్ప నాయుడు కూడా ఆ బృందంలోనివాడే. సుమారు 10 ఎకరాలు. డబ్బెక్కడిది? బాటిక్ బట్టలు, చేతిపనులు చేసి అమ్ముకుని పోగేసుకున్నారు. వాళ్లకు కావలసింది తలదాచుకునే ఇల్లు, బొమ్మ వేసుకునే చోటు. అది తెలుసుకున్నాక స్థలం కొన్నారు. మీరు స్థలం దొరికాక అవసరం వెతుక్కుంటున్నారు.

అమెరికాలో నెవాడా ఎడారిలో ఏటా కొద్ది రోజులు ఒక ఊరు కట్టి, మళ్లీ పూర్తిగా విప్పేసి, పుల్ల కూడా మిగల్చకుండా పోయే బర్నింగ్ మ్యాన్ బృందం ఉంది. వాళ్లు 2016లో దగ్గర్లోనే 3,800 ఎకరాలు కొన్నారు. మన గుడారాలవాళ్లు తరతరాలుగా చేసింది ఆ విప్పేసుకుని పోవడమే. వాళ్ల దగ్గర దాన్ని సిద్ధాంతమంటారు, మన దగ్గర సంచారజాతి అంటారు.

టెక్సాస్ ఎడారిలో మార్ఫా అనే చిన్న ఊరికి డొనాల్డ్ జడ్ అనే శిల్పి వెళ్లి, పాత మిలిటరీ షెడ్లలో తన పని పెట్టుకున్నాడు. గొప్ప పని. దాన్ని చూడటానికి లోకమంతా కదిలింది. ఇళ్ల ధరలు లేచాయి, అక్కడే పుట్టినవాళ్లకు ఆ ఊళ్లో ఉండటం భారమైంది. మీ సన్‌సెట్ పాయింట్ సక్సెస్ అయితే నాకున్న భయం అదే. కాకపోతే ఇసుక ఉండనే ఉంది.

ఇంత దూరం దేనికి, మన తోరణగల్లులోనే 2024లో హంపి ఆర్ట్ ల్యాబ్స్ తెరిచారు. చక్కటి కట్టడం, వెళ్లి చూడండి, పని దొరికితే చేయండి. కానీ దాని వెనక జె.ఎస్.డబ్ల్యూ. లాంటి పెద్ద కంపెనీ ఉంది. మీ వెనక నేనున్నాను, అదీ మోకాళ్ల నొప్పులు లేని రోజున.

అయితే ఏం చేయమంటావు ముసలాయనా అంటారా? పటం చుట్టి అటక మీద పెట్టండి. ఒక ఆషాఢం అక్కడ గుడారంలో ఉండండి. ఆరుగురూ ఉండనక్కర్లేదు, పెళ్లి కుదిరిన అమ్మాయిని వదిలేద్దాం. గాలి ఎటు నుంచి వస్తుందో, ఏ దిబ్బ ఎంత జరిగిందో, ఎవరు ఏ దారిన నడుస్తున్నారో రాసుకోండి. ముందు నీళ్ల తొట్టి. తర్వాత రెండు మరుగుదొడ్లు, ఆడవాళ్లకు ఒకటి తప్పనిసరిగా, దీనిమీద నాతో వాదించొద్దు. సామాన్లు పెట్టుకునే ఒక గది, పైకప్పు గట్టిగా ఉండాలి, తాళం ఉండాలి. కథ చెప్పేవాళ్లు ఎవరొచ్చినా మూడు నెలలు గుడారం వేసుకోవచ్చని, వాళ్ల పిల్లల్ని దగ్గరి బడికి పంపే బాధ్యత మీదని, కాగితం మీద రాసి ఆ రైతు కుటుంబంతో, కాపరులతో, జంగాల పెద్దతో సంతకాలు పెట్టించండి. వేలిముద్రలైనా సరే. 12 ఎకరాల్లో దీనికంతా పట్టేది ఒక ఎకరం. మిగిలిన 11 అలాగే ఉండనివ్వండి. థియేటర్ కట్టాలని మళ్లీ ఐదేళ్లకు అనిపిస్తే అప్పుడు చూద్దాం. నేను లేకపోతే మీరే చూసుకోండి.

శిలాఫలకం మాత్రం వద్దు. ఎంత ముచ్చటపడ్డా వద్దు. యాకె బేకప్పా ఆ కల్లు? చూశారా, కన్నడం వచ్చేసింది. కల్లంటే అందులో రాయి లెండి.

ఉపకులపతిగారు గడియారం చూస్తున్నారు. భోజనంలో జొన్నరొట్టె, గుత్తివంకాయ ఉన్నాయని వంటవాళ్ల దగ్గర ముందే కనుక్కున్నాను, చల్లారితే ఆ రొట్టె నమలడం నా పళ్ల వల్ల కాదు. వచ్చే ఆషాఢంలో అటు వస్తాను. పెట్రోమాక్స్ నాది. మాంటిలు, కిరసనాయిలు మీరు తెచ్చుకోండి.