పేరు చెప్పకుండా చేరిన చోటు

(ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సైబర్ భద్రత మీద మాట్లాడమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి అని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఉన్నారు కాబట్టి రోజుకు రెండుసార్లు వింటూనే ఉంటారు. అందుకని ఈ రోజు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. మా అబ్బాయిని అడిగాకే చెప్తున్నాను. "చెప్పు నాన్నా, కానీ నా పేరు చెప్పకు" అన్నాడు. నేను చెప్పబోయే విషయానికి ఆ షరతు సరిగ్గా సరిపోయింది.

మావాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. క్రితం ఏడాది ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు మంచినీళ్ల కోసం లేచాను. వాడు నిద్రపోతున్నాడు, ల్యాప్‌టాప్ మాత్రం పని చేస్తోంది. వైఫై డబ్బా లైట్లు ఆగకుండా మిణుకుమంటున్నాయి. తెర మీద ఏవో గ్రాఫులు, పైన "ఐటూపీ" అని పేరు. ఫోన్‌లో వెతికితే మొదట కనిపించిన మాట "డార్క్ వెబ్". ఇంకేం కావాలి? వాణ్ణి లేపి అరిచాను. ల్యాప్‌టాప్ మూసేసి బీరువాలో పెట్టాను. వాడు "తెలుసుకోకుండా ఎందుకు అరుస్తావు?" అన్నాడు. అంతే, రెండు రోజులు మాటల్లేవు.

మూడో రోజు మా ఆవిడ అడిగింది: "కాగితాలు చూడకుండా పదివేల లోను మీద కూడా సంతకం పెట్టరు కదా, వీడి విషయంలో ఏం చూసి తీర్పు చెప్పారు?" నా దగ్గర జవాబు లేదు. బీరువా తీసి, ల్యాప్‌టాప్ వాడి చేతికిచ్చి, "నన్ను కూడా అందులో చేర్పించు" అన్నాను.

ముందు అదేమిటో చెప్తాను. ఐటూపీ అంటే ఇన్విజిబుల్ ఇంటర్నెట్ ప్రాజెక్ట్. 2003లో మొదలైంది. దీనికి ముందు, 2001లో మొదలైన ఒక అజ్ఞాత చాట్ ప్రాజెక్ట్ ఉంది. అంటే దీని మూలంలోనే చాట్ ఉందన్నమాట. దీనికి కంపెనీ లేదు, హెడ్డాఫీసు లేదు, ఒక పెద్ద సర్వరంటూ లేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో మామూలు మనుషులు తమ కంప్యూటర్లలో ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు. ఆ కంప్యూటర్లన్నీ కలిస్తేనే నెట్‌వర్క్. మొదట్లో ముందుండి నడిపించినాయన మారుపేరుతోనే పనిచేశాడు, 2007 చివర్లో తప్పుకున్నాడు. అయినా నెట్‌వర్క్ ఆగలేదు, మిగిలిన వాలంటీర్లు నడుపుకుంటూ వచ్చారు. ఎంబీఏలో వారసత్వ ప్రణాళిక గురించి పేజీలకు పేజీలు చదివిన నాకు ఇది కొంచెం సిగ్గనిపించింది.

అది పనిచేసే తీరు మన బ్యాంకు వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. మన బ్రాంచి డూప్లికేట్ తాళాలను కవర్లో పెట్టి, సీలు వేసి, సంతకాలు పెట్టి ఇంకో బ్రాంచిలో దాస్తాం. వాళ్లు దాన్ని భద్రంగా ఉంచుతారు, విప్పి చూడరు. ఇక్కడా అంతే. మీరు పంపే మాటను కంప్యూటర్ కవర్లో కవరు, అందులో ఇంకో కవరు పెట్టి సీలు చేస్తుంది. అది వేరే కంప్యూటర్లు కొన్నిటి మీదుగా వెళ్తుంది. ఒక్కొక్కటీ ఒక్కో కవరు విప్పుతుంది. ఎవరి నుంచి వచ్చింది, తర్వాత ఎవరికివ్వాలి అన్నంతవరకే దానికి తెలుస్తుంది. మొదట పంపినవాడెవడో, చివరికి అందుకునేవాడెవడో, లోపల ఏముందో తెలియదు. వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. ఆ దారులు కూడా పది నిమిషాలకోసారి మారిపోతాయి.

మీలో కొందరు టార్ పేరు విని ఉంటారు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990ల్లో పుట్టిన ఆలోచన అది. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఉల్లిపాయతో పోలుస్తారు. ఐటూపీలో ఒక్కో మూటలో చాలా సందేశాలు కలిపి కట్టవచ్చు కాబట్టి దీన్ని వెల్లుల్లితో పోలుస్తారు, పాయలో రెబ్బల్లాగా. మా ఆవిడకు ఈ రెండు ముక్కలూ వెంటనే బోధపడ్డాయి, మిగతాదే నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇక చేరడం. ఇరవై ఏళ్లుగా ఖాతా తెరిచే ఫారాలు నింపించినవాణ్ణి నేను. ఫొటో ఏది, ఆధార్ ఏది, పాన్ ఏది, నామినీ ఎవరు అని అడగడం నాకు ఊపిరి లాంటిది. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. మొబైల్ నంబరు లేదు, ఓటీపీ లేదు, సంతకం లేదు. సాఫ్ట్‌వేర్ పెట్టాక బ్రౌజర్లో ఒక పేజీ తెరుచుకుంది, అంతే. మొదటిసారి కొందరు వాలంటీర్ల సర్వర్ల నుంచి తోటి కంప్యూటర్ల చిరునామాలు కొన్ని తెచ్చుకుంటుంది, తర్వాత తనే దారులు వెతుక్కుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత కూడా పేజీలు నత్తనడకే. లింకు ఫెయిలైన రోజుల్లో కౌంటర్లో కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి నాకు ఓపిక చాలింది.

రెండు విషయాలు మాత్రం నన్ను కలవరపెట్టాయి. ఒకటి, నేను చేరగానే నా ల్యాప్‌టాప్ కూడా ఇతరుల కవర్లు మోయడం మొదలుపెట్టింది. మావాడి ల్యాప్‌టాప్ ఆ రాత్రి చేసిన పనీ అదే. "అందులో ఏం పోతోందో మనకు తెలుసా?" అని అడిగాను. "తెలియదు, తెలుసుకోలేం కూడా" అన్నాడు. మనం కావాలని అమర్చుకుంటే తప్ప ఆ కవర్లు మన ఇంటి మీదుగా బయటి మామూలు ఇంటర్నెట్‌లోకి పోవని, ఆ నెట్‌వర్క్ లోపలే తిరుగుతాయని వివరించాడు. నా కలవరం పూర్తిగా తీరలేదు. మంచివాడి ఉత్తరాన్నీ చెడ్డవాడి ఉత్తరాన్నీ ఒకేలా మోసే ఏర్పాటు అది.

రెండోది, చేరినట్టు ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. మనం ఏం మాట్లాడుతున్నామో దాగుతుంది కానీ, మనం ఈ నెట్‌వర్క్‌లో ఉన్నామన్న సంగతి దాగదు. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు తెలిసిపోతుంది. 2013 డిసెంబరులో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. టార్ వాడాడు కాబట్టి దొరకననుకున్నాడు. ఆ సమయంలో క్యాంపస్ వైఫైలో టార్ వాడినవాళ్లెవరని వెతికితే అతని పేరు తేలింది. పోలీసులు వచ్చి అడిగితే ఒప్పుకున్నాడు. ముసుగు వేసుకున్నవాడి ముఖం కనబడదు, ముసుగు కనబడుతుంది కదా.

ఇప్పుడు చాట్ సంగతి. అక్కడ వాడేది ఐఆర్‌సీ అనే పాత పద్ధతి. 1988లో ఫిన్లాండ్‌లో పుట్టింది. బొమ్మలు లేవు, ఫార్వర్డ్ బటన్ లేదు, నల్లటి తెర మీద అక్షరాలే. మన కంప్యూటర్ వివరాలు బయటపెట్టే కొన్ని ఆదేశాలను ఐటూపీ మధ్యలోనే వడకట్టేస్తుంది. పేరు పెట్టుకోమంటే నేను "గోంగూర" అని పెట్టుకున్నాను. మావాడు తల పట్టుకున్నాడు: "నాన్నా, ఎవరో తెలియకూడదని వచ్చి, గేటు ముందు ఊరి పేరు బోర్డు పెట్టుకున్నావా?" మార్చుకున్నాను.

అక్కడ ఏవో భయంకరమైన మాటలు వినబడతాయనుకున్నాను. ఎక్కువగా సాఫ్ట్‌వేర్ సమస్యలు, కాఫీ, వాతావరణం, పాత జోకులు. గంటసేపు ఎవరూ మాట్లాడకపోయినా ఆశ్చర్యం లేదు. అలాగని అంతా సాధువులేం కాదు. రెండో రోజే ఒకడు విడిగా పలకరించి, క్రిప్టోలో డబ్బు రెట్టింపు చేస్తానన్నాడు. వాణ్ణి గుర్తుపట్టడానికి కంప్యూటర్ చదువు అవసరం లేదు, బ్యాంకు ఉద్యోగం చాలు.

నెలన్నర గడిచింది. రోజూ రాత్రి ఓ అరగంట కూర్చునేవాణ్ణి. మార్చి 31 రాత్రి బాగా పొద్దుపోయి ఇంటికొచ్చాను. అలవాటుగా చాట్ తెరిచి "చాలా అలసిపోయాను, ఈ రోజు పని తెమలలేదు" అని ఇంగ్లీషులో రాశాను. చాలా రోజులుగా అక్కడ కనిపించే ఒకతను జవాబిచ్చాడు: "ఇండియాలో బ్యాంకులు వార్షిక లెక్కలు ముగించే రోజు కదా, విశ్రాంతి తీసుకోండి."

నాకు గుండె ఆగినంత పనైంది. ఎలా తెలిసిందని అడిగాను. ఒక్కొక్కటీ చెప్పాడు. ఒకసారి లక్ష అనే మాట వాడానట. చెక్కును అమెరికా వాళ్లలా కాకుండా మనలా రాశానట. కరెంటు పోయింది, ఇప్పుడే వస్తానని రెండుసార్లు అన్నానట. నేను వచ్చే వేళ ఎప్పుడూ ఒకటేనట. మిగిలింది మార్చి 31 చెప్పేసింది. అతను నా కంప్యూటర్లో దూరలేదు, ఒక్క కవరూ విప్పలేదు. నేను చెప్పినవి విన్నాడు, అంతే. చివర్లో "నేను చెడ్డవాణ్ణి కాదు కాబట్టి చెప్పాను, జాగ్రత్త" అన్నాడు.

పక్కన కూర్చుని చూస్తున్న మావాడు పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం. ఆ నవ్వు ఆగాక వాడు మెల్లగా అన్నాడు: "నాన్నా, నేను ఇందులో ఎందుకు చేరానో ఎప్పుడూ అడగలేదు నువ్వు."

జనవరిలో వాడి ఫోన్ తెర పగిలింది. నన్ను అడగడం ఇష్టంలేక ఒక లోన్ యాప్‌లో 8,000 తీసుకున్నాడు. ఖర్చులు కోసుకుని చేతికిచ్చింది 5,000. వారం తిరక్కుండానే ఫోన్లు, తిట్లు, ఫోన్‌లోని నంబర్లందరికీ పంపుతామని బెదిరింపులు. స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చి 14,000 కట్టినా ఇంకా బాకీ ఉందన్నారు. ఎవరికీ చెప్పుకోలేక, పేరు చెప్పనక్కర్లేని చోటు కోసం వెతికి ఇందులో చేరాడు. అక్కడ ఒకరు చెప్పారట: "యాప్ తీసేసినా, అది లాగేసుకున్న నంబర్లు వెనక్కి రావు. ఇంకా కట్టకు. స్క్రీన్‌షాట్లు దాచు. వాళ్లకంటే ముందు నువ్వే మీవాళ్లకు చెప్పు." మొదటి రెండు పనులూ చేశాడు. మూడోది మాత్రం చేయలేకపోయాడు.

"నేను బ్యాంకులో పనిచేస్తున్నాను కదరా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు బ్యాంకులో పనిచేస్తున్నావు కాబట్టే" అన్నాడు. "భోజనాల దగ్గర బాకీదార్ల గురించి నువ్వు మాట్లాడేవి వింటూనే పెరిగాను. తీర్చలేనివాడికి అప్పెందుకు, సిగ్గులేదా అంటావు కదా. ఇప్పుడు నేనూ అందులో ఒకణ్ణే."

సభికులారా, ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు.

మర్నాడు ఏప్రిల్ 1. ఇద్దరం కూర్చుని 1930 నంబరుకు చెప్పాం, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, స్క్రీన్‌షాట్లన్నీ జతచేశాం. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన డిజిటల్ రుణ మార్గదర్శకాలు రుణ యాప్ మన ఫోన్‌లోని కాంటాక్టులను, ఫొటోలను ముట్టుకోకూడదన్నాయి. ఈ నిబంధన మీద నేనే బ్రాంచిలో ఒకసారి క్లాసు చెప్పాను. మా ఇంట్లో మాత్రం చెప్పలేదు. తర్వాత బంధువులందరికీ మేమే ఫోన్ చేసి, ఇలాంటి మెసేజ్ వస్తే పట్టించుకోవద్దన్నాం. మా అత్తగారు అంతా విని, "ఇంతోటి దానికి పిల్లాణ్ణి అంత బెదరగొట్టుకున్నారా?" అని నన్నే తిట్టారు. కొన్ని మెసేజ్‌లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి.

ఐటూపీని నా ల్యాప్‌టాప్‌లోంచి తీసేశాను. వాడి దాంట్లో ఉంది. దీనిమీద మాకింకా వాదన తెగలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పిందని వాడంటాడు. విలేఖరులకు, ప్రమాదంలో ఉన్నవాళ్లకు ఇలాంటి దారులు ప్రాణాధారమంటాడు. అదే దారిలో నేరగాళ్లూ నడుస్తారని నేనంటాను. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం ఉగ్రవాదులు వాడుతున్నారంటూ 14 మెసేజింగ్ యాప్‌లను ఆపేసింది. ఒకే కేంద్రం లేకుండా నడిచే బ్రయర్, ఎలిమెంట్ అందులో ఉన్నాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: ఇలాంటివి ఆఫీసు కంప్యూటర్లో, బ్యాంకు పనిచేసే ఫోన్లో ఎన్నడూ పెట్టకూడదు.

మీకు చెప్పాల్సినవి రెండు. ఏ సాఫ్ట్‌వేరూ మన నోటికి తాళం వేయదు. పేరు దాచుకున్న చోటే నేను దొరికిపోయాను. మరి పేరూ ఫొటోతో సహా ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో మనం ఏం రాస్తున్నాం? "మా వారు రేపు కరెన్సీ చెస్ట్‌కు వెళ్తున్నారు", "నాలుగు రోజులు తిరుపతిలో ఉంటాం", "ఈ వారం తాళాలు ఈయన దగ్గరే" అని రాసే ముందు ఒక్కసారి నన్ను గుర్తుచేసుకోండి.

రెండోది నా సహోద్యోగులకు. మన పిల్లలు తప్పు చేసినప్పుడు చెప్పుకోవడానికి ముక్కూ మొహం తెలియని చోటు వెతుక్కునే పరిస్థితి రానివ్వకండి. మావాడికి అక్కడ మంచివాడు దొరకడం మా అదృష్టం. ఆ క్రిప్టోవాడు ముందు దొరికుంటే నేనీ రోజు ఇక్కడ నిలబడి ఇలా నవ్వుతూ మాట్లాడేవాణ్ణి కాదు.

ఇప్పుడు మా ఇంట్లో భోజనాల దగ్గర రికవరీ కబుర్లు లేవు. అప్పుడప్పుడు నోరు జారుతుంటాను. అప్పుడు మావాడు గరిటె ఎత్తి "గోంగూర కావాలా నాన్నా?" అంటాడు. నేను మాట మారుస్తాను.