మన పొలం ఎవరి పరిధిలో ఉంది?
(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్ఎండీఏ అంటే పట్నం సంగతి, మనకెందుకు అనుకునేవాళ్లు ఈ సభలో కూడా ఉంటారు. ఒక్కసారి లెక్క చూడండి. 1975లో హుడా పుట్టింది. 2008లో హుడా, విమానాశ్రయ ప్రాంత సంస్థ, సైబరాబాద్ సంస్థ, బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు సంస్థ కలిపి హెచ్ఎండీఏ చేశారు. పరిధి దాదాపు 7,257 చదరపు కిలోమీటర్లు. 2025 మార్చిలో అది 10,472 దాటింది. రీజినల్ రింగ్ రోడ్డు దాకా వచ్చేసింది. మనం ఎక్కడికీ పోలేదు, గీతే మన చేలోకి వచ్చింది.

గీత వస్తే ఏమవుతుంది? పట్టా మీ పేరు మీదే ఉంటుంది. కానీ ఆ భూమిలో ఏం చేయొచ్చో మాస్టర్ ప్లాన్ రంగు చెబుతుంది. గట్టుకు ఇవతల కన్జర్వేషన్ జోన్, అవతల నివాస జోన్. ఒకే నేల, ఒకే బోరు నీళ్లు, ధర మాత్రం వేరు. జోన్ మార్చమని ఫీజు కట్టి తిరగగలిగేది రియల్టరే గానీ రెండెకరాల రైతు కాదు. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే కూలీలకు ఉపాధి హామీ పని కూడా పోతుంది, అది గ్రామీణ ప్రాంతాలకే గనుక.

మరి ఈ గీత గీసేది ఎవరు? హెచ్ఎండీఏకు చైర్మన్ ముఖ్యమంత్రి, నడిపేది కమిషనర్. మనం ఓటేసి పంపిన సర్పంచ్‌కు అక్కడ కుర్చీ లేదు. రాజ్యాంగం మాత్రం ఇలా చెప్పలేదు. 74వ సవరణతో వచ్చిన 243 జెడ్‌ఈ అధికరణం చదవండి. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండొంతుల మందిని మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలి. మీ ఊరి సర్పంచ్‌ను అలాంటి ఎన్నికకు ఎవరైనా పిలిచారేమో అడగండి.

పైగా సంస్థలు శాశ్వతమూ కావు. లండన్ మహానగర కౌన్సిల్‌నే 1986లో ఎత్తేసి, 2000లో మరో రూపంలో తెచ్చారు. అంత దూరం ఎందుకు, అమరావతి చూడండి. 2014లో సీఆర్‌డీఏ చట్టం. దాన్ని నమ్మి 29 గ్రామాల రైతులు పూలింగ్‌లో భూములిచ్చారు. 2020లో దాన్నే రద్దు చేశారు, 2021 నవంబరులో ఆ రద్దును రద్దు చేశారు. బోర్డు మీద పేరు మార్చడానికి ఒక్కరోజు చాలు, భూమి ఇచ్చినవాడు మాత్రం ప్లాటు కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కాడు, కోర్టుకెక్కాడు.

అభివృద్ధి వద్దని మన సంఘం అనడం లేదు. రోడ్డు మనకూ కావాలి, కూరగాయలు తెల్లారేసరికి మార్కెట్ చేరాలి. గీత గీసే ముందు మమ్మల్ని అడగండి అంటున్నాం.

ముసాయిదా ప్లాన్ వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు. అది దాటితే వినేవాళ్లుండరు. సర్వే నంబరు వెతుక్కోండి, రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. గ్రామసభలో తీర్మానం పెట్టించి, ఒక నకలు సంఘానికి పంపండి.