లేబులు మీద రాయని పేరు
(వంగపండు ప్రసాదరావు స్మారకోపన్యాసం, ఆటోనగర్, విశాఖపట్నం)

షెడ్లకు షట్టర్లు దించి, చేతుల గ్రీజు వదిలించుకుని నేరుగా ఇటు వచ్చిన మేస్త్రీలు, హెల్పర్లు, ఉక్కునగరం నుంచీ మల్కాపురం నుంచీ వచ్చిన కార్మిక మిత్రులు ఈ సభలో ఉన్నారు.

వంగపండు ప్రసాదరావు గారిని తలుచుకోవడానికి ఆటోనగర్ కన్నా తగిన చోటు నాకు తోచదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన మనిషి, ఈ ఊరొచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. జననాట్యమండలి తొలినాళ్ల నుంచీ ఉన్నవాళ్లలో ఒకరు. యంత్రాన్నీ, దాని ముందు నిలబడ్డ మనిషినీ ఒకే పాటలో చూపించారు. 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. ఆయన మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే: ఆయన పాటలు నేను కాపీ కొట్టి అమ్మాను. ఈరోజు మాట్లాడేది దాని గురించే.

1980ల చివర్లో గాజువాకలో ఒక రికార్డింగ్ సెంటర్లో పనికి కుదిరాను. నాకప్పుడు పదహారేళ్లు. కొట్లో రెండు డెక్కులు, ఒక ఆంప్లిఫయరు, గోడ నిండా క్యాసెట్లు. లారీ డ్రైవర్లు సిగరెట్టు పెట్టె చింపి, దాని లోపలి వైపు పాటల పేర్లు రాసి ఇచ్చేవారు. అరవై నిమిషాలదా తొంభయ్యా అని అడిగి, ఖాళీ క్యాసెట్టు తీసి పనిలో పడేవాణ్ని. రాత్రికి లోడు కట్టుకుని రాయపూర్ పోవాలి, సాయంత్రానికల్లా కావాలనేవారు. కంపెనీ క్యాసెట్టుకు వెనక అంచున రెండు చిన్న చెవులుండాలి. దాని మీద మళ్లీ ఎవరూ రికార్డు చేయకుండా కంపెనీవాళ్లు వాటిని విరిచి పంపేవారు. ఆ గుంటల మీద సెలోటేపు ముక్క అతికిస్తే చాలు, డెక్కు మారు మాట్లాడకుండా రికార్డు చేసేది. అమ్ముడుపోని భక్తిగీతాల క్యాసెట్ల మీద అలా ఎన్ని సినిమా పాటలు ఎక్కించానో లెక్కలేదు. కాపీకి కాపీ తీసేకొద్దీ పాటలో పదును పోయి, వెనక హోరు పెరిగేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచి, అదే నాణ్యత అనుకునేవాళ్లం.

ఒకరోజు ఎవరో ఇచ్చిన క్యాసెట్టు నుంచి కాపీలు తీస్తున్నాను. దాని మీద ఏ పేరూ లేదు. లోపల డప్పు, గజ్జెలు, ఒక గొంతు. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో లేబుళ్ల మీద ‘జానపద గీతాలు – 2’ అని రాస్తూ కూర్చున్నాను. కౌంటరు దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన, షిప్‌యార్డు మనిషి, కాసేపు విని లేబులు చూశాడు.

“ఇదేటి బాబూ, జానపదమని రాసీసినావు? ఇది కట్టినోడు మా యార్డులో పనిచేసినోడే. ఆడి పేరు రాయవేటి?”

చోటు లేదండీ అన్నాను.

“జానపద గీతాలని రాయడానికి చోటుంది గానీ, వంగపండని రాయడానికి నేదా?”

నేను జవాబు చెప్పలేదు. ఆ తర్వాత కూడా పాత లేబుళ్లే అమ్మాం, అప్పటికే రాసేశాం కాబట్టి. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న పట్టుకునే పాటల చరిత్రంతా చదువుకున్నాను.

మన దేశంలో పాట గ్రామఫోను రికార్డుగా సరుకు కావడం మొదలైంది 1902లో. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే దొర కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించాడు. ఆమె పాట ముగించి, చివర్లో ఇంగ్లీషులో తన పేరు తాను గట్టిగా చెప్పుకుంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు హిందుస్తానీ రాదు. ఏ పాట ఎవరిదో తెలిసి లేబులు వేయాలంటే పాడినవాళ్లే పేరు చెప్పాలి. అవసరానికి పుట్టిన పద్ధతే అయినా, నాకు ఆ రికార్డు విన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. నూట ఇరవై ఏళ్లు దాటాయి. ఎవరు ఎన్ని కాపీలు తీసినా ఆ పేరు పాటతోనే వెళ్లింది.

పేరు మిగిలినంత మాత్రాన కడుపు నిండదు. శంకరంబాడి సుందరాచారి గారిని చూడండి. తెలుగుతల్లికి మల్లెపూదండ వేసిన పాట ఆయన ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. సినిమాలో వాడలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడితే గ్రామఫోను రికార్డుగా వచ్చి ఇంటింటికీ చేరింది. రాష్ట్ర గీతమైంది. బడిలో మనమంతా నిలబడి పాడాం. ఆ పాటకు ఆయనకు ముట్టింది 116 రూపాయలని చెబుతారు. 1977లో పేదరికంలోనే పోయారు. ఇక్కడ ఎవరూ ఏమీ దొంగిలించలేదు, అది గమనించండి. గుత్తకు ఇచ్చిన పని. ఇంజను ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినా మేస్త్రీకి ముట్టేది ఒకసారి లేబరు ఛార్జీయే కదా అని మీరు అనొచ్చు. కానీ ఆ ఇంజనును రాత్రికి రాత్రి వెయ్యి ఇంజన్లు చేసి అమ్ముకునే వీలు ఎవరికీ లేదు. పాటకు ఆ వీలుంది. అందుకే పాటకు గుత్త కాదు, వాటా కావాలి.

మన చట్టం ఆ మాట ఒప్పుకోవడానికి చాలా ఆలస్యం చేసింది. 1957లో కాపీరైటు చట్టం వచ్చింది. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకూ కట్టించుకున్న వరసకూ, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే హక్కుదారని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, పాడేవాళ్లకు మన చట్టంలో చోటే లేదని గుర్తుచేస్తూ విడిగా నాలుగు మాటలు రాశారు. ఆ చోటు 1994 సవరణతో గానీ రాలేదు. రాసినవాళ్లకూ వరస కట్టినవాళ్లకూ, సినిమా హాలు బయట పాట ఎక్కడ సంపాదించినా సమాన వాటా ఉండాలని, ఆ వాటాను కాగితం మీద సంతకం పెట్టించుకుని లాక్కోవడానికి వీల్లేదని 2012లో చట్టం మార్చారు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో నిలబడి పోరాడితే వచ్చిన మార్పు అది. 1977 నుంచి 2012 దాకా 35 ఏళ్లు. వేటూరి గారు తన గొప్ప పాటల్లో చాలా భాగం రాసింది ఆ 35 ఏళ్లలోనే. చట్టం మారడానికి రెండేళ్ల ముందు, 2010లో వెళ్లిపోయారు.

ఇటు శిక్షలు మాత్రం త్వరగానే వచ్చాయి. 1984లో పైరసీకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పెట్టారు. ఆ చట్టం మా కొట్టుకూ వచ్చింది. ఒక మధ్యాహ్నం పోలీసులు, వాళ్లతో ఒక క్యాసెట్ల కంపెనీ మనిషి దిగారు. ఆయన గోడ మీది క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి తన కంపెనీవి ఒక గోనెలో, తక్కినవి నేల మీద వేశాడు. డెక్కులు రెండూ జీపెక్కాయి. ఓనరు ఊళ్లో లేడు, కాబట్టి నన్నూ ఎక్కించారు. రాత్రి పదింటికి వదిలారు. ఓనరు ఎవరితోనో మాట్లాడుకున్నాడు. నెల తిరక్కుండా కొత్త డెక్కులు వచ్చాయి. నేల మీద పడేసిన క్యాసెట్లలో వంగపండు పాటలున్నాయి. వాటి కోసం అడగడానికి ఏ కంపెనీ మనిషీ రాలేదు. చట్టం ముందుగా చేరేది సరుకు ఉన్నవాడి దగ్గరికే. పాట కట్టినవాడి గుమ్మం దాకా వచ్చేసరికి దాని కాళ్లు లాగేస్తాయి.

కాపీ తీసినవాళ్లంతా దొంగలేనా? నేను అలా అనను. మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మీద పాట రాసినందుకు 1922లో జైలుకెళ్లారు. సర్కారు అణచాలని చూసిన ఆ పాటను ఊరూరా రాసుకుని, పాడుకుని బతికించింది జనమే. వంగపండు పాటలూ అంతే. వాటిని ఏ పెద్ద కంపెనీ, ఏ సర్కారీ రేడియో నెత్తిన పెట్టుకోలేదు. చేతులు మారిన క్యాసెట్లే వాటిని బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా మోశాయి. ఉద్యమం పాట చేతులు మారడానికే పుడుతుంది. అలా మార్చుకున్నవాళ్లు ఆ పాట ఎవరిదో చెప్పుకుంటూ మార్చుకున్నారు. నేను పేరు చెరిపి, పైగా అమ్ముకున్నాను. తేడా అక్కడుంది.

‘జానపదం’ అనే మాట ఎంత మంచిదో, పేరు చెరపడానికి అంత వాటం. మొక్కజొన్న తోట పాటను జానపదమనే అనుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. రాసింది కొనకళ్ళ వెంకటరత్నం గారు. వంగపండు గారి ‘ఏం పిల్లడో’ 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’లో ఆయన పాటగానే వచ్చింది. 2009లో ‘మగధీర’లో అదే పల్లవి వినిపించినప్పుడు, తన అనుమతి తీసుకోలేదని ఆయన బహిరంగంగానే అభ్యంతరం చెప్పాల్సివచ్చింది. కట్టినవాడు బతికుండి, మన మధ్యే తిరుగుతూ ఉండి కూడా తన పాట తనదేనని చెప్పుకోవాల్సిన స్థితి అది.

నిజంగానే కట్టిందెవరో తెలియని పాటలది మరో గొడవ. 2021లో ‘సారంగదరియా’ పాట సినిమాలోకి వచ్చినప్పుడు, దాన్ని ఊళ్లో సేకరించి పాడుకొచ్చిన కోమలి ముందుకొచ్చి అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరూ, పారితోషికమూ ఇస్తామని ప్రకటించారు. అడిగే నోరు ఉండబట్టి జరిగింది. చట్టం చూస్తే, రచయిత తెలియని పాట మీద ఊరికి ఏ హక్కూ లేదు. ఆ పాటను మైకు ముందు పాడించి రికార్డు చేసినవాడికి మాత్రం ఆ రికార్డు మీద 60 ఏళ్ల హక్కు ఉంటుంది. వందేళ్లు నాట్లు వేస్తూ పాడుకున్న ఆడవాళ్లకు సున్నా.

2000 తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఎంపీ3 సీడీ ఒక్కదానిలో నూట యాభై పాటలు పట్టేవి, కాపీకి కాపీ తీసినా హోరు రాదు. ఆ వెనక సెల్‌ఫోన్ కొట్ల ముందు మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును అని బోర్డులు వెలిశాయి. మా రికార్డింగ్ సెంటర్ అప్పటికే మూతపడింది. 2025 నవంబరులో సినిమాల పైరసీ సైటు ఐబొమ్మ నడిపాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నది మన విశాఖ వాడినే. బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల నుంచి అతనికి డబ్బు వచ్చిందని పోలీసులు చెప్పారు. తేల్చాల్సింది కోర్టు. అతన్ని హీరోను చేసి పోస్టులు పెట్టినవాళ్లలో నాకు తెలిసిన కుర్రాళ్లూ ఉన్నారు. సినిమా టికెట్టు ధర మీద వాళ్లకున్న కోపం నాకు అర్థమవుతుంది. ఆ కోపంతో మనం నింపింది ఎవరి జేబు అని మాత్రం వాళ్లను అడిగాను.

ఇప్పుడు మన ఊళ్ల గాయకులకు ఒక దారి తెరుచుకుంది. సినిమా గడప తొక్కకుండానే యూట్యూబులో కోట్లమంది వింటున్నారు. రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’ అలా వచ్చిందే. ఈ దారిలోనూ గుంటలున్నాయి. యూట్యూబు 2007 నుంచి పాటలను యంత్రంతో పోల్చి చూస్తుంది. ఎవరి రికార్డు అందులో నమోదై ఉంటే డబ్బు అటు వెళ్లొచ్చు. మన పిల్ల తన అమ్మమ్మ పాటను ఒక ఛానల్‌కు పాడి, కాగితం చదవకుండా సంతకం పెడితే, రేపు అదే పాటను తన సొంత పేజీలో పెట్టుకుంటే ఆ పైసలు ఛానల్‌కే పోవచ్చు. అందుకని ఇక్కడున్న పాటగాళ్లకు నా మనవి: స్టూడియోలో అడుగుపెట్టక ముందే ఆ రికార్డు ఎవరిది, వాటా ఎంత, పేరు ఎక్కడ వేస్తారు అన్నవి తెలుగులో రాయించుకోండి. పాటలు రాసేవాళ్లు, వరస కట్టేవాళ్లు 1969 నుంచి ఉన్న రాయల్టీల సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరండి.

వినేవాళ్లకు కూడా ఒక మాట. మీ ఇంట్లో పెళ్లికి, ఊరేగింపుకు పాటలు పెట్టుకుంటే ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది, 2023 జులైలో కేంద్రం మళ్లీ స్పష్టం చేసింది. ఎవరైనా వచ్చి బెదిరిస్తే భయపడకండి. కానీ మన విశ్వకర్మ పూజకు, చవితి పందిరికి పాటగాణ్ని పిలిచినప్పుడు శాలువా కప్పి, భోజనం పెట్టి పంపేయడం మానుకుందాం. శాలువా కప్పితే ఇంటికి బియ్యం రావు. రానూపోనూ ఖర్చు, పాడిన కూలి ముందే మాట్లాడుకోవాలి. డప్పు వాయించిన కుర్రాడికి విడిగా ఇవ్వాలి. డూప్లికేట్ బేరింగు వేసి ఒరిజినల్ రేటు తీసుకున్నవాణ్ని ఆటోనగర్ మళ్లీ షెడ్డులోకి రానివ్వదు. ఆ పట్టింపు పాట దగ్గర మనకెందుకు లేదో ఆలోచించండి.

నిన్న సాయంత్రం ఈ సభ ఏర్పాట్లు చూడటానికి వచ్చి, పక్క వీధిలో లారీ కేబిన్లకు స్టీరియోలు బిగించే కొట్లో కూర్చున్నాను. డ్రైవరు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఎనిమిది వందల పాటలు. తెర మీద పాట పేరు కింద, పాడినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైటు పేరు. ఎనిమిది వందలకూ అదే పేరు. మధ్యలో నాకు తెలిసిన డప్పు, తెలిసిన గొంతు వచ్చింది. ఫైలు పేరు ‘ఫోక్ 07’. కొట్టు కుర్రాడికి లాప్‌టాప్ ఉంది. ఆ పేరు మార్చొచ్చా అని అడిగాను. ఎంత సేపండీ అన్నాడు. నేను ఒక్కో అక్షరం చెబుతుంటే తెలుగులోనే కొట్టాడు: వంగపండు ప్రసాదరావు. డ్రైవరు వంగి చూసి, మిగతావి కూడా మార్చీమన్నాడు. ఆ ఏడు వందల తొంభై తొమ్మిదీ ఎవరివో మా ముగ్గురికీ చాలావరకు తెలియదు. తెలిసినవి రాస్తూ రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నాం. నలభై ఒకటి అయ్యాయి. లోడు ఇవాళ వెళ్లిపోయింది. డ్రైవరు మళ్లీ వచ్చే ఆదివారం వస్తానన్నాడు.