ఇంటి ఇంటర్నెట్టు – ఒప్పందపు షరతులు



ఎద్దును కొనునపుడు మనము పండ్లు చూతుము, నడక చూతుము, నాగలికి కట్టి చూతుము. వెల యొక్కటియే విని త్రాడు చేతబట్టు సేద్యగాడు లేడు. నేడు ఫైబరు తీగ మన గ్రామములకు వచ్చినది. పిల్లల పాఠములు, భూమి కాగితములు, పరదేశమున నున్న బిడ్డలతోడి మాటలు దానిమీద నడచుచున్నవి. కావున దాని షరతులను గూడ నట్లే పరీక్షింపవలెను.

మొదటిది వెల. ప్రకటనలో నెలకు 499 రూపాయలని పెద్ద యక్షరములలోను, పన్ను అదనమని చిన్న యక్షరములలోను ఉండును. వస్తుసేవల పన్ను నూటికి 18 చొప్పున చేర్చగా 588 రూపాయల 82 పైసలగును. దీనికి పెట్టె ధరావతు, తీగ బిగింపు ఖర్చు కలిపి, సంవత్సరమునకు లెక్కగట్టి, రెండు కంపెనీల మొత్తములను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. నెలవెల తక్కువైనదే సంవత్సరాంతమున నెక్కువగుట కలదు.

రెండవది వేగము. 40 ఎం.బి.పి.ఎస్. అనగా సెకనుకు 40 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక దిగునది 5 మెగాబైట్లే. "40 వరకు" అన్నచో అది పైహద్దే గాని హామీ కాదు. "అపరిమితము" అను పథకములకును హద్దు కలదు. కొన్నింటిలో నెలకు 3300 జి.బి. దాటిన పిమ్మట వేగము తగ్గింతురు. సామాన్య గృహమున కంత పట్టదు. కాని హద్దు మిక్కిలి తక్కువైన చౌక పథకము పిల్లవాని పరీక్షల వేళకే నీరసించును. హద్దు దాటిన పిదప వేగమెంతయో ముందే యడుగుడు. బ్రాడ్‌బ్యాండు అనుటకు కనీసము 2 ఎం.బి.పి.ఎస్. ఉండవలెనని 2023లో ప్రభుత్వము నిర్ణయించినది.

మూడవది రౌటరు పెట్టె. అది కంపెనీదా, మనదా? కంపెనీదైనచో సేవ మానునపుడు తిరిగి యిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. లేనిచో ధరావతు పోవచ్చును. కొన్నదైనచో వారంటీ కాగితమే ఆధారము. పెక్కు వారంటీలు తయారీలోపములకే గాని పిడుగుకు, హెచ్చు వోల్టేజికి వర్తింపవు. మా యింట నొక గాలివానలో పెట్టె కాలిపోగా, కంపెనీవారీ షరతునే చూపి క్రొత్తదానికి వెల గొనిరి. గాజుపోగు విద్యుత్తును మోయదు. ఆపద సాధారణముగా కరెంటు తీగవెంట వచ్చును. ఉరుము వినబడకముందే, మబ్బు పట్టగనే ప్లగ్గు తీయుట వారంటీకన్న మేలు.

నాల్గవది ఫిర్యాదు. ఫోనులో చెప్పి యూరకుండక ఫిర్యాదు సంఖ్యను, తేదీని వ్రాసికొనుడు. 2012 నాటి ట్రాయ్ నిబంధనలనుబట్టి మొదట ఫిర్యాదు కేంద్రము, పిదప కంపెనీలోనే అప్పీలు అధికారి కలరు. అచ్చటను న్యాయము జరుగనిచో వినియోగదారుల కమిషనున కేగవచ్చును. టెలికాం తగవులను అది విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022లో తీర్పిచ్చినది. 1915 సంఖ్యకు ఫోను చేసిన సలహా లభించును.

షరతులు ఇంగ్లీషులో నున్నచో మనుమలచే తెలుగున చెప్పించుకొనుడు. తీగను వాడుట వారికి తెలియును. కౌలు కాగితమును ఆసాంతము చదివిగాని సంతకము చేయరాదన్న సంగతి మీకు తెలియును. ఈ రెండును కలసిన యింట మోసమునకు తావుండదు.