తగ్గింపు ధరకు డ్రిల్లు కొంటున్నారా?

పండగలొస్తే శ్రీకాకుళం, విజయనగరం హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కార్డ్‌లెస్ డ్రిల్లుల మీద తగ్గింపులు కనిపిస్తాయి. వీటి అవసరం తుఫానులప్పుడు తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేక అల్లాడాయి. అలాంటప్పుడు లేచిపోయిన రేకు బిగించాలంటే ముందే చార్జి చేసి ఉంచిన బ్యాటరీ డ్రిల్లే దిక్కు.

ధర మరీ తక్కువగా ఉంటే డబ్బాలో బ్యాటరీ, చార్జరు ఉన్నాయేమో చూడండి. ఒక్కోసారి ఉత్త మిషనే ఉంటుంది. బ్యాటరీ, చార్జరు విడిగా కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

20 వోల్టులని రాసి ఉంటే 18 కన్నా బలమైనదని మోసపోకండి. రెండింట్లోనూ వరుసగా కలిపినవి 5 లిథియం సెల్సే. నిండా చార్జయినప్పుడు సుమారు 20, సగటున 18. పని ఎంతసేపు సాగుతుందో చెప్పేది ఆంపియర్-అవర్ అంకె. 2 కన్నా 4 ఉన్నది రెట్టింపు సేపు వస్తుంది, బరువూ ఎక్కువే.

సాధారణంగా ఒక కంపెనీ బ్యాటరీ మరో కంపెనీ మిషనుకు పట్టదు. కాబట్టి మొదటి డ్రిల్లు కొన్నప్పుడే రేపటి కోత మిషను, గ్రైండరు గురించీ ఆలోచించండి. దుకాణంలోనే బ్యాటరీ తగిలించి, ఒక స్క్రూ బిగించి చూడండి. బీఐఎస్ గుర్తు, వారంటీ, బిల్లు మరవొద్దు. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.