పాత షెడ్డులో పిల్లల ఆట

 

మన సీతంపేటలో ఐటీడీఏ అడ్వెంచర్ పార్కు ఉంది. సెలవుల్లో దూరం నుంచి జనం వస్తారు. మంచిదే. కానీ కొండమీద గూడెంలో ఉన్న పిల్ల అక్కడికి రావాలంటే ఆటో ఛార్జీ పెట్టుకోవాలి. ఆ పిల్ల రోజూ సాయంత్రం ఆడుకునే చోటేది? మేము ఈ రోజు ఆ మాటే చెప్పదలచాం.

మూతపడిన మిల్లు, ఖాళీ గోదాము, పని ఆగిన క్వారీ ఎక్కడ కనబడినా అది పాడుబడిందని వదిలేస్తాం. అమెరికాలోని సియాటిల్ నగరంలో అలా వదల్లేదు. అక్కడ బొగ్గు నుంచి గ్యాస్ తీసిన ఫ్యాక్టరీ 1956లో ఆగిపోయింది. 1975లో అదే స్థలం పార్కుగా తెరిచారు. రిచర్డ్ హాగ్ అనే ఆయన యంత్రాలను పీకేయకుండా, కంప్రెసర్ల షెడ్డును పిల్లల ఆటచోటుగా మార్చారు. జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ ఇనుము కర్మాగారం కూడా ఇప్పుడు పార్కే. ఖనిజం నిల్వచేసిన గోడల మీద యువత కొండెక్కడం నేర్చుకుంటారు. పాత గ్యాస్ ట్యాంకు నిండా నీళ్లు నింపి అందులో డైవింగ్ చేస్తారు.

అయితే ఒక హెచ్చరిక. సియాటిల్ పార్కు నేలలో పాత తారు, విష పదార్థాలు మిగిలిపోయాయి. 1984లో పరీక్షల కోసం పార్కును కొన్నాళ్లు మూసేశారు. అంటే రంగులేసి ఊయల కడితే పని అయిపోదు. ముందు మట్టి, నీరు పరీక్ష చేయించాలి. క్వారీ గుంటలో వాననీరు నిలిస్తే లోతు పైకి తెలియదు. కంచె వేసేదాకా తమ్ముళ్లను అటు పోనివ్వకండి.

రెండో మాట, ఆ నేల ఎవరిది? బొర్రా దగ్గరి నిమ్మలపాడు గనుల గొడవ నుంచే 1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం కావాలి. కాబట్టి పార్కు కూడా మనకు పైనుంచి వచ్చిపడే కానుక కాకూడదు. మనం కూర్చుని తేల్చుకునే పని కావాలి.

మీరు చేయగలిగింది చెబుతాం. మీ ఊరి చుట్టుపక్కల వాడకంలేని కట్టడాలు, గుంటలు పెద్దలను వెంటబెట్టుకుని చూసి రాయండి. ఎవరి పేరున ఉన్నాయో రెవెన్యూ వాళ్లను అడగండి. వచ్చే గ్రామసభలో అర్జీ పెట్టండి. అక్కడ ఏ ఆటలు ఉండాలో చిన్నపిల్లల్నే అడగండి. కర్రాబిళ్ళకు చదునైన నేల, బాణాలు వేయడానికి వెనుక మట్టిగట్టు, అవ్వలు కూర్చోడానికి చెట్టునీడ. వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఆటచోటు లేని ఊళ్లో పిల్లలు ఫోను దగ్గరే మిగిలిపోతారు. ఆ చోటు మనమే చూసిపెడదాం.